‘పాట పాడు’ నుంచి ‘పాట పెట్టు’ దాకా: బైరకూరు తట్టు తెలుగూ, నూరేండ్ల రికార్డులూ

మన బైరకూరు తట్టు ఇండ్లలో వినబడే రెండు మాటలు తీసుకుందాం. ఒకటి "పాట పాడు". ఇంకొకటి "పాట పెట్టు". మొదటిదానికి ఒక గొంతు ఉంటే చాలు. రెండోదానికి మిషను ఉండాల. ప్లేటో, రేడియోనో, కేసెట్టో, ఇప్పుడైతే ఫోనో. ఇసుర్రాయి ముందర కూర్చోని రాగులు విసిరిన అవ్వకు "పాట పెట్టు" అంటే ఏమో అర్థమయ్యేది కాదు. ఇప్పటి పిల్లోళ్ళకు "పాట పాడు" అంటే టీవీలో పోటీకి పోయేవాళ్ళ పని. ఒక క్రియ వెనక్కు పోయి ఇంకొక క్రియ ముందరికి వచ్చిన ఈ దారిలో మన తట్టు తెలుగు చరిత్ర చానా ఉంది.

బైరకూరు ముళబాగిలు తాలూకాలో ఒక హోబళి. పక్కనే ఆంధ్రా సరిహద్దు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, తాలూకా ఆఫీసులో కన్నడం, బంగారు గనుల బజారుకు పోతే తమిళం. మనలో చానామందికి తెలుగు మాట్లాడేదానికి వస్తుంది, చదివేదానికి రాదు. గుంటూరులోనో ఏలూరులోనో పుట్టిన పిల్లోడికి పుస్తకం తెలుగు వాచకంలో దొరికింది. మనకు ఆ వాచకం లేదు. బయటి తెలుగు మనకు చెవిగుండానే వచ్చింది. తెచ్చింది గ్రామఫోను, టాకీ, రేడియో, టేపు. వేరే చోట్ల బడి చేసిన పని ఈడ పాటల మిషను చేసింది. అందుకే రికార్డింగు చరిత్ర మనకు సంగీతం సంగతి మాత్రమే కాదు, భాష సంగతి కూడా. ఆ మిషను ఏ తెలుగును మనకు తెచ్చింది, మన తెలుగును ఎందుకు తీసుకోలేదు అనేదే ఈ వ్యాసం.

1902: కరెంటు ఒక పక్క, గ్రామఫోను ఒక పక్క

1902లో రెండు సంగతులు జరిగినాయి. శివనసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్లు తీగ లాగి కోలారు బంగారు గనులకు కరెంటు తెచ్చినారు. అప్పటికి లోకంలో అంత దూరం కరెంటు తీగలు చానా అరుదు. ఆ కరెంటు గనుల కోసం. చుట్టుపక్కల ఊళ్ళకు అది వచ్చేదానికి ఇంకా ఎన్నో ఏండ్లు పట్టింది.

అదే ఏడు నవంబరులో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన కలకత్తాకు వచ్చి మన దేశంలో మొదటి పెద్ద రికార్డింగులు చేసినాడు. గౌహర్ జాన్ పాటలు అప్పుడే ప్లేటు మీదికి ఎక్కినాయి. మొదట్లో ఈడ పాడించి, జర్మనీలోని హనోవరులో ప్లేట్లు అచ్చు వేయించి, మళ్ళీ ఓడలో తెప్పించి అమ్మేవాళ్ళు. 1908లో కలకత్తాలోనే ఫ్యాక్టరీ పెట్టినారు. ప్లేటుకు కావలసిన లక్క మన అడవుల్లోదే కదా.

గ్రామఫోనుకు కరెంటు అక్కర్లేదు. కీ తిప్పితే చాలు. అందుకే దీపం బుడ్డి వెలుగులో బతికే ఊళ్ళకు కూడా అది రాగలిగింది. ఊరికంతా ఒకటో రెండో. పటేలు ఇంట్లోనో, శానుభోగు ఇంట్లోనో. "రికార్డు" అనే మాట కంటే మన తట్టు "ప్లేటు" అనే మాటే జాస్తి నిలిచింది. కుక్క బొమ్మ ప్లేటు అంటే హెచ్.ఎం.వి. అని పెద్దోళ్ళకు ఇప్పుటికీ జ్ఞాపకం.

దక్షిణాదిన మొదట ప్లేట్లకు పాడినవాళ్ళలో ఆడవాళ్ళు చానామంది, అదీ దేవదాసీ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు. పెద్ద విద్వాంసులు కొందరు మిషను ముందర పాడేదానికి వెనకాడినప్పుడు వీళ్ళు ధైర్యం చేసినారు. మన మైసూరు సంస్థానంలో పుట్టి పెరిగిన బెంగళూరు నాగరత్నమ్మ గొంతు కూడా అట్లనే ప్లేటెక్కింది. ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని 1910లో అచ్చు వేయించిందీ, తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి గుడి కట్టించిందీ ఈమే. అంటే మన రాజ్యం ఆడబిడ్డ ఒకామె తెలుగు పాటను అటు అచ్చులోకీ ఇటు ప్లేటు మీదికీ ఎక్కించింది. అయితే ఆ తెలుగు కృతుల తెలుగు, పదాల తెలుగు. మన ఇండ్లలో మాట్లాడే తెలుగు కాదు.

మూడు నిమిషాల కొలత

అప్పటి ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. పది అంగుళాల ప్లేటు ఒక పక్క మూడు నిమిషాలు, ఇంకొంచెం. అంతే. పాడేవాళ్ళు ఒక పెద్ద కొమ్ములాంటి గొట్టం ముందర నిలబడి గట్టిగా పాడాల. 1925 తర్వాత మైకుతో రికార్డు చేసే పద్ధతి వచ్చినాక మెల్లగా పాడినా పట్టుకునింది. కానీ నిమిషాల కొలత మారలేదు.

ఈ కొలత సంగీతాన్ని మార్చింది. గంటసేపు సాగే రాగాన్ని మూడు నిమిషాలకు కుదించినారు. పాట అంటే పల్లవి, రెండు మూడు చరణాలు, అయిపోయింది అనే అచ్చు అప్పుడే బిగిసింది. తర్వాత వచ్చిన సినిమా పాట కూడా చానా మటుకు ఆ అచ్చులోనే ఉండిపోయింది.

మన పాటలు ఆ అచ్చులో పట్టవు. విసిరే పాట ఎంతసేపు? రాగులు అయిపోయేదాకా. నాట్ల పాట ఎంతసేపు? కయ్య అయిపోయేదాకా. గొబ్బి పాట ఎంతసేపు? తిరిగేవాళ్ళు అలిసేదాకా. చెక్కభజన తెల్లవార్లూ. వీటికి కొలత పని, కాలం కాదు. ఇంకొకటి చూడండి. మన పాటల్లో ఒకరు చెప్తే నలుగురు అందుకుంటారు. వినేవాళ్ళు వేరే, పాడేవాళ్ళు వేరే అని లేదు. ప్లేటు వచ్చినాక ఆ నలుగురికీ పని పోయింది. వాళ్ళు కూర్చోని వినేవాళ్ళయినారు. వినేవాళ్ళు అయినాకే కొనేవాళ్ళు కూడా అయినారు. సంగీతం వ్యాపారం అనేది నిలబడింది ఈ మార్పు మీదనే.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాల. మన పని పాటలు పోయిన తప్పంతా రికార్డులదే అనేదానికి లేదు. పిండిమిషను వచ్చినాక ఇసుర్రాయి మూలకు పోయింది. రాయి పోయినాక రాతి పాట యాడ ఉంటుంది? పని పోతే పాట పోతుంది. కానీ ఆ ఖాళీలోకి ఇంకో మన పాట రాకుండా, బయట తయారైన పాట వచ్చి కూర్చునింది. అది మిషను పని.

ఎవరి తెలుగు ప్లేటెక్కింది?

1920లు, 30లలో తెలుగు ప్లేట్ల వ్యాపారానికి ప్రాణం నాటకం పద్యాలు. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు, డి.వి. సుబ్బారావు లాంటివాళ్ళ గొంతులు ఊరూరా తిరిగినాయి. కురుక్షేత్రం పద్యాలు, హరిశ్చంద్ర పద్యాలు మన తట్టు ఊళ్ళలో కూడా నోటికి వచ్చినవాళ్ళు ఉండారంటే కారణం అదే. నాటకం రాసినవాళ్ళు, ఆడినవాళ్ళు చానామంది కృష్ణా, గుంటూరు తట్టువాళ్ళు. అప్పటికే అచ్చు పుస్తకాలు, పత్రికలు, నాటక సమాజాలు ఆ జిల్లాల్లో బలంగా ఉండినాయి. ప్లేటు కంపెనీకి కావలసింది ఒక రికార్డు వేస్తే చానా చోట్ల అమ్ముడుపోయే భాష. అది వాళ్ళకు ఆడ దొరికింది.

1932 నాటికి తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద వచ్చేసింది. 1934లో తొలి కన్నడ టాకీ సతీ సులోచన వచ్చింది. తర్వాత చానా ఏండ్లు తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ సినిమాలకు స్టూడియోలు మద్రాసులోనే. ఒకే స్టూడియో, ఒకే వాద్యబృందం, పొద్దున ఒక భాష, సాయంత్రం ఇంకొక భాష. దీనివల్ల మన కోలారు చెవికి ఒక వింత జరిగింది. పి.బి. శ్రీనివాస్‌ది కాకినాడ. పి. సుశీలది విజయనగరం. ఎస్. జానకిది గుంటూరు తట్టు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంది నెల్లూరు తట్టు. వీళ్ళంతా తెలుగు పాటలు పాడినారు, కన్నడ పాటలూ పాడినారు. ముళబాగిలు టాకీసులో కన్నడ సినిమా చూసినా, సరిహద్దు దాటి పుంగనూరులో తెలుగు సినిమా చూసినా అదే గొంతు. రెండు భాషలూ వచ్చిన మనకు ఆ గొంతు ఇంటి మనిషి గొంతు మాదిరి అయిపోయింది. ఇది మనకు దక్కిన భాగ్యమే. కానీ ఆ గొంతు పలికే తెలుగులో గానీ కన్నడంలో గానీ మన తట్టు పలుకు లేదు.

జానపదం అని పేరు పెట్టి అమ్మిన పాటలు కూడా చూడండి. వింజమూరి అనసూయ, సీత అక్కచెల్లెళ్ళు జానపద గేయాలను రేడియోకీ, ప్లేట్లకూ తెచ్చి గొప్ప మేలు చేసినారు. వాళ్ళది కాకినాడ. వాళ్ళు సేకరించిన పాటల్లో గోదావరి జిల్లాల వాసన జాస్తి. లోకానికి ‘తెలుగు జానపదం’ అంటే ఆ వాసనే తెలిసింది. మన చిత్తూరు, కోలారు సీమ జానపదానికి అట్లాంటి వాళ్ళు ఆ కాలంలో దొరకలేదు.

మన పొరుగు నుంచి పోయి గెలిచిన పాట ఒకటి ఉంది. తిరుపతి కవి శంకరంబాడి సుందరాచారి ‘మా తెలుగుతల్లికి’ పాటను దీనబంధు అనే సినిమా కోసం 1942లో రాసినాడు. సినిమావాళ్ళు దాన్ని వాడుకోలేదు. తర్వాత టంగుటూరి సూర్యకుమారి పాడగా అది విడిగా గ్రామఫోను రికార్డుగా వచ్చింది. ఆ ప్లేటు వల్లనే పాట ఇంటింటికీ చేరి, చివరికి ఒక రాష్ట్రానికే గీతమయింది. సినిమా వద్దన్నదాన్ని ప్లేటు నిలబెట్టింది. రికార్డుకు ఆ శక్తి ఉంది. ఎక్కినదాన్ని అది ఎంత దూరమైనా మోస్తుంది. ఎక్కనిదాన్ని మాత్రం లేనట్టే చేస్తుంది.

రేడియో, మైక్‌సెట్టు

మైసూరులో డాక్టర్ ఎం.వి. గోపాలస్వామి 1935లో సొంతంగా రేడియో స్టేషను పెట్టినారు. ఆకాశవాణి అనే పేరు ఆడిదే. మద్రాసు స్టేషను 1938లో, విజయవాడ 1948లో, బెంగళూరు 1955లో, కడప 1963లో వచ్చినాయి. రాష్ట్రాలు భాషల వారీగా విడిపోయినట్టే రేడియోలూ విడిపోయినాయి. బెంగళూరు స్టేషను కన్నడం వాళ్ళది. విజయవాడ, కడప తెలుగు వాళ్ళవి. కోలారు జిల్లా తెలుగువాడు ముల్లు అటూ ఇటూ తిప్పుతా ఉండినాడు. ఏ స్టేషనూ వాడి తెలుగును తన సొంతం అనుకోలేదు.

రేడియో కట్టుబాట్లు కూడా మనకు తగిలినాయి. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. అది పరాయి వాద్యం, మన శ్రుతులు దాంట్లో పలకవు అనేది కారణం. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. మన ఊళ్ళలో భజనగుడి అంటేనే హార్మోనియం, తాళాలు, మద్దెల. మూడు పదుల ఏండ్లు దేశం రేడియోలో ఆ వాద్యానికి చోటు లేదంటే, మన భజన పాటకు చోటు ఎంత ఇరుకో అర్థం చేసుకోవచ్చు. 1950లలో సినిమా పాటలను కూడా రేడియో దూరం పెట్టింది. జనం రేడియో సిలోను పట్టుకున్నారు. దానికి జవాబుగా 1957లో వివిధభారతి వచ్చింది. పై వాళ్ళు ఏది మంచి సంగీతం అన్నారో దానికీ, జనం ఏది వింటా ఉండినారో దానికీ నడుమ జరిగిన ఈ లాగుడులో సినిమా పాట గెలిచింది. భజన పాట, పని పాట ఆ పోటీలోనే లేవు.

ఊళ్ళో మాత్రం అసలు దెబ్బ కొట్టింది మైక్‌సెట్టు. వేపమాను కొమ్మకు కొమ్ము కట్టి, ప్లేట్లు వేస్తే పక్క ఊరిదాకా వినబడుతుంది. పెండ్లి అంటే మైక్‌సెట్టు ఉండాల్సిందే అనే రోజులు వచ్చినాయి. నలుగు పెట్టేటప్పుడు, తలంబ్రాలప్పుడు, అప్పగింతలప్పుడు ఆడవాళ్ళు పాడే పాటలు ఆ కొమ్ము ముందర వినబడలేదు. ఎవరూ వాళ్ళను పాడొద్దని చెప్పలేదు. వినబడని పాటను ఎంతసేపని పాడతారు? నిలిపేసినారు. ఒక తరం నిలిపితే తర్వాత తరానికి రాదు.

చెవికి వచ్చిన తెలుగు, నోటికి వచ్చిన తెలుగు

ఇంట్లో మనం "యాడికి పోతా ఉండావు?" అంటాం. పాటలో, సినిమాలో వినేది "ఎక్కడికి వెళ్తున్నావు?". మనది "ఉండాది", వాళ్ళది "ఉంది". మనది "మాను", వాళ్ళది "చెట్టు". మనది "చెనిక్కాయలు", వాళ్ళది "వేరుశనగ". మనది "జాస్తి", వాళ్ళది "ఎక్కువ". వినీ వినీ రెండు తెలుగులు మన నోట్లో పక్కపక్కన నిలబడినాయి. పాడేటప్పుడు ఒకటి, మాట్లాడేటప్పుడు ఒకటి. సినిమా పాటను పలుకు తప్పకుండా పాడే మనిషే, పాట అయినాక తిరిగి "తిండి అయిందా?" అని మన తెలుగులో అడుగుతాడు.

రెండు తెలుగులు రావడం తప్పు కాదు. నష్టం ఇంకోచోట జరిగింది. డబ్బు పెట్టి కొనేది, కొమ్ములోంచి వచ్చేది ‘మంచి తెలుగు’ అయింది. ఇంట్లో ఉండేది ‘మొరటు తెలుగు’ అయింది. బడిలో ఎవరూ మనకు ఈ మాట నేర్పలేదు, బడిలో తెలుగే లేదు కాబట్టి. మనకు మనమే నేర్చుకున్నాం. ఈ పొద్దు ఒక ముసలామె ముందర ఫోను పెట్టి "పాడవ్వా" అంటే ఆమె చెప్పే మాట తరచుగా ఇదే: "నాకు పాటలు యాడ వస్తాయి నాయనా." నలుగు పాట, గొబ్బి పాట, లాలి పాట అన్నీ వచ్చిన మనిషి అట్ల అంటుంది. ఆమె లెక్కలో పాట అంటే సినిమా పాట. తన దగ్గర ఉండేదానికి పాట అనే పేరు కూడా మిగల్లేదు.

కొలిచినవాళ్ళూ మనల్ని దాటిపోయినారు

వ్యాపారం కోసం కాక చదువు కోసం రికార్డు చేసినవాళ్ళు కూడా ఉండారు. గ్రియర్సన్ నడిపిన భారత భాషల సర్వేలో భాగంగా, బైబిలులోని తప్పిపోయిన కొడుకు కథను ఒక్కొక్క భాషలో, యాసలో చెప్పించి గ్రామఫోను ప్లేట్ల మీదికి ఎక్కించినారు. ఒకే కథ కాబట్టి యాసల తేడా చెవికి తెలుస్తుంది. చానా తెలివైన పద్ధతి. అయితే గ్రియర్సన్ సర్వే మద్రాసు రాజధానిని, మైసూరు, హైదరాబాదు సంస్థానాలను లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత మద్రాసు ప్రభుత్వం 1920లలో తన కింద ఉండే భాషలకు అట్లాంటి ప్లేట్లు చేయించింది. బైరకూరు మద్రాసు కింద లేదు, మైసూరు కింద ఉంది.

స్వాతంత్ర్యం వచ్చినాక భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశం మొదలుపెట్టినారు. వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది. రైతుల నోటి మాటలను ఊరూరా పోయి ఏరిన గొప్ప పని అది. దానికి హద్దు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. మన మడక, మన గెనిమ, మన కయ్య ఆ హద్దుకు ఇటు పక్క ఉండిపోయినాయి. పుంగనూరు దాకా వచ్చిన కొలబద్ద నంగలి దాటి రాలేదు.

రాతలో దక్కనిది

పాటను దాచేదానికి రాత చాలదా అని అడగొచ్చు. దానికి అన్నమయ్య సంగతి చూడాల. తాళ్ళపాక వాళ్ళు వేల సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమలలో దాచినారు. నాలుగు నూర్ల ఏండ్లకు పైగా మాటలు చెక్కుచెదరలేదు. ఒక్కో పాటకు రాగం పేరు కూడా ఉంది. కానీ ఎట్ల పాడినారో పోయింది. మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు చెప్పిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు మళ్ళీ కొత్తగా వరసలు కట్టాల్సి వచ్చింది. అవి ప్లేట్ల మీద, కేసెట్ల మీద వచ్చినాక అన్నమయ్య ఇంటింటికీ తిరిగి వచ్చినాడు. రాగిరేకు మాటను కాపాడింది, గొంతును కాపాడలేకపోయింది.

మన దగ్గర దీనికి ఎదురు ఉదాహరణ కైవారం తాతయ్య. చింతామణి తట్టు కైవారంలో ఉండిన యోగి నారేయణ. 1726లో పుట్టి 1836 దాకా బతికినాడని సంప్రదాయం చెప్తుంది. తెలుగులోనూ కన్నడంలోనూ పాడినాడు. ఆయన తెలుగు తత్వాలు మన జిల్లాలో కన్నడ లిపిలో అచ్చయినాయి. తెలుగు చదవలేని తెలుగువాళ్ళు వాటిని కన్నడ అక్షరాల్లో చదివి తెలుగులో పాడతారు. ఇది మన సీమ ప్రత్యేకత. అక్షరం మనది కాకపోయినా ఆ పాట నిలిచింది, ఎందుకంటే భజనగుడిలో నోరు నిలిచింది. ఆ అక్షరాలను ఎట్ల పలకాల, యాడ సాగదీయాల, యాడ తుంచాల అనేది పుస్తకంలో లేదు. అది ముసలి భజనపరుల నోట్లో ఉంది. వాళ్ళు పోతే మాటలు మిగులుతాయి, అన్నమయ్యకు మాదిరి వరస పోతుంది.

ఎర్ర బటను

నూరేండ్ల ఈ కథలో మనకు నిజంగా మేలు చేసిన మిషను కేసెట్టు. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చింది. మన దేశంలో ఊళ్ళదాకా వచ్చింది 1980లలో. ప్లేటు వేయాలంటే ఫ్యాక్టరీ కావాల. కేసెట్టు కాపీ చేసేదానికి ఒక చిన్న గది చాలు. హెచ్.ఎం.వి. పెత్తనం దాంతో విరిగింది. ఢిల్లీలో టి-సిరీస్, బెంగళూరులో లహరి లాంటి కొత్త కంపెనీలు లేచినాయి. పెద్ద కంపెనీ చూడని చిన్న చిన్న భాషల పాటలు, భక్తి పాటలు, హరికథలు బజారుకు వచ్చినాయి. అరవై నిమిషాల కేసెట్టు ఒక పక్క అరగంట తిరుగుతుంది. మూడు నిమిషాల సంకెల తెగింది.

దానికన్నా పెద్దది, టేపు రికార్డరుకు ఒక ఎర్ర బటను ఉండేది. అంతకుముందు వచ్చిన గ్రామఫోను, రేడియో మనకు వినిపించేవే. మన మాట వినేవి కావు. ఇది విన్నది. గల్ఫుకు పోయిన కొడుకుకు తల్లి మాటలు రికార్డు చేసి పంపినారు. భజన రికార్డు చేసినారు. ఊరి నాటకం, పెండ్లి, పిల్లోడి తొలి మాటలు. మైకు మంచిది కాదు, వెనక కుక్క మొరుగుతా ఉంటుంది, నడుమ బస్సు హారను. అయినా మన తట్టు తెలుగు, ఎవరూ దిద్దకుండా, మొదటిసారి టేపు మీదికి ఎక్కింది అప్పుడే.

వాటిలో చానా మటుకు మనమే చెరిపేసినాం. కేసెట్టు వెనక రెండు చిన్న ప్లాస్టిక్ పుల్లలు ఉంటాయి. విరిచేస్తే దాని మీద మళ్ళీ రికార్డు కాదు. విరచకపోతే కొత్త సినిమా వచ్చినప్పుడు ఆ పాటలు దాని మీదనే ఎక్కించేవాళ్ళం. విరిచి ఉంటే కాగితం ముక్క పెట్టి మరీ ఎక్కించేవాళ్ళం. తాత గొంతు మీద సినిమా పాట ఎక్కిన కేసెట్లు మన జిల్లాలో ఎన్ని ఉంటాయో. మిగిలినవి అటక మీద, ఇనుప పెట్టెల్లో ఉండాయి. టేపుకు బూజు పడుతుంది, మెడలు అతుక్కుంటాయి. వాటిని వినిపించే మిషన్లూ కరువైనాయి. వాటికి ఇప్పటికే మూడు నాలుగు పదుల వయసు.

ఇప్పుడు మన చేతిలో ఉండేది

తర్వాత వచ్చిన సీడీ, ఎంపీ3 వ్యాపారం లెక్కలను మార్చినాయి గానీ మన కథను పెద్దగా మార్చలేదు. ఫోను మార్చింది. సరుకు ఇన్ని అమ్ముడుపోతేనే రికార్డు చేస్తాం అనే లెక్క ఫోనుకు లేదు. ఒక్కరు వింటారన్నా రికార్డు చేయొచ్చు. అమ్ముడుపోదు అని మన తెలుగును పక్కన పెట్టిన కారణం ఇప్పుడు లేదు.

బజారు కూడా కొంచెం మారింది. 2021లో వచ్చిన పుష్ప సినిమాలో హీరో చిత్తూరు యాస మాట్లాడితే దేశమంతా విన్నది. మన పక్కింటి పలుకే అది. 2018లో కె.జి.ఎఫ్. కన్నడంలో వచ్చి మన జిల్లా పేరును లోకానికి చెప్పింది. దాని తెలుగు డబ్బింగులో మాత్రం వినబడేది సినిమా తెలుగే. యాస అమ్ముడుపోతుందని వ్యాపారానికి తెలిసింది. అది తీసుకునేది పలుకు రుచి మాత్రమే. పాటల మూట మోసే పని మనదే.

అందుకే కొన్ని పనులు. ఇంట్లో పాత కేసెట్లు ఉంటే ముందు పుల్లలు విరిచేయండి. తర్వాత బెంగళూరులోనో కోలారులోనో టేపును కంప్యూటరుకు ఎక్కించేవాళ్ళ దగ్గరికి తీసుకుపోండి. ముసలివాళ్ళను రికార్డు చేసేటప్పుడు "పాట పాడండి" అని అడగొద్దు, రాదంటారు. "నలుగు పెట్టేటప్పుడు ఏమనేవాళ్ళు?", "రాగులు విసిరేటప్పుడు ఏమనుకునేవాళ్ళు?" అని అడగండి. ఫ్యాను ఆపండి, ఫోను మూరెడు దూరంలో పెట్టండి. మొదట్లోనే ఊరు, తేదీ, పాడేవాళ్ళ పేరు, ఏ సందర్భం పాటో చెప్పించండి. వాళ్ళు ఒప్పుకున్నారనే మాట కూడా వాళ్ళ నోటనే ఎక్కించండి. మన దేశం చట్టంలో రికార్డు చేసినవాళ్ళకు ఆ రికార్డు మీద 60 ఏండ్ల హక్కు ఉంటుంది. పాట ఇచ్చిన అవ్వ పేరు మాత్రం మనం రాస్తేనే ఉంటుంది. వాట్సాప్‌లో పంపేది ఎట్లాగూ పంపండి, కానీ అది నాణ్యం తగ్గించి పంపొచ్చు. అసలు ఫైలును రెండు చోట్ల దాచండి. పలుకును దిద్దొద్దు. "ఉండాది" అంటే "ఉండాది" అనే రాయండి, కన్నడ అక్షరాల్లో రాసినా సరే.

"పాట పెట్టు" అనే మాట ఇంక పోదు. పెట్టేదానికి మన పాట కూడా ఒకటి ఉండాల, అంతే. ఆ పాట ఇప్పుటికి ఇంకా కొందరి గొంతుల్లో ఉండాది.